పని అప్పగింతలో స్పష్టత: సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో పర్యవేక్షకుని బాధ్యత

వ్యాస సంగ్రహం:

ఉద్యోగి నుంచి సంస్థ ఏమి ఆశిస్తున్నదో అతనికి ముందుగా, అతనికి అర్థమయ్యే భాషలో తెలియజేయడం పర్యవేక్షకుని ప్రథమ కర్తవ్యం. దీన్ని పాలనా నైపుణ్యంగా మాత్రమే పరిగణించడం పరిపాటి. సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఇది నైపుణ్యంతో పాటు చట్టపరమైన బాధ్యత, ప్రాణరక్షణకు సంబంధించిన అంశం కూడా. ఈ ప్రాంతపు శ్రామిక స్వరూపం, నిర్వహణశాస్త్ర పరిశోధనలు, కార్మిక చట్టాలు, పని స్థలంలోని భాష అనే నాలుగు కోణాల నుంచి ఈ అంశాన్ని పరిశీలించి, స్పష్టమైన పని అప్పగింతకు ఉండవలసిన లక్షణాలను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అపేక్ష, పర్యవేక్షకుడు, పాత్ర అస్పష్టత, స్టాండింగ్ ఆర్డర్లు, కాంట్రాక్టు కార్మికులు, షిఫ్టు అప్పగింత, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:

ఒక వ్యక్తిని పనిలో పెట్టుకున్న సంస్థకు అతని నుంచి కొన్ని ఫలితాలు కావాలి. అవి ఏమిటో, ఎంత మేరకు కావాలో, ఏ పద్ధతిలో సాధించాలో, ఏ హద్దు దాటకూడదో సంస్థకు తెలిసి ఉండవచ్చు. అవన్నీ ఉద్యోగికి కూడా తెలుసునని భావించడం దగ్గరే చాలా చిక్కులు మొదలవుతాయి. ఈ వ్యాసంలో 'అపేక్ష' అనే పదాన్ని ఒక నిర్దిష్టార్థంలో వాడడం జరిగింది. ఉద్యోగి చేయవలసిన పని, దాని ప్రమాణం, గడువు, అందులో అతనికి గల అధికారం, ఆ అధికారపు హద్దు – ఈ అయిదింటి సమాహారమే అపేక్ష.

అపేక్ష వేరు, ఆజ్ఞ వేరు. ఆజ్ఞ ఆ క్షణానికి సంబంధించినది. అపేక్ష ఆజ్ఞ ఇచ్చేవారు ఎదురుగా లేనప్పుడు కూడా ఉద్యోగిని నడిపించేది. లక్ష్యం కూడా అపేక్షలో ఒక భాగమే తప్ప దానికి పర్యాయపదం కాదు. 'ఈ నెల ఇన్ని టన్నులు' అన్నది లక్ష్యం. ఆ టన్నుల కోసం దేనిని వదులుకోకూడదో కూడా చెప్పినప్పుడే అది సంపూర్ణమైన అపేక్ష అవుతుంది. రాత్రి షిఫ్టులో, పై అధికారులు లేని వేళ, రసాయనాల మధ్య పనిచేసే కార్మికుని విషయంలో ఈ భేదం చాలా ముఖ్యమైనది.

2. ప్రాంతం – శ్రామిక స్వరూపం:

హైదరాబాదుకు వాయవ్యంగా ముంబయి జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ వరకు పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. రహదారికి ఉత్తరాన బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి ప్రాంతాలు రసాయన, ఔషధ పరిశ్రమలకు ప్రసిద్ధి. రామచంద్రాపురంలో 1960లలో నెలకొన్న బీహెచ్‌ఈఎల్, 1984లో ఎద్దుమైలారంలో ఏర్పడిన ఆయుధ కర్మాగారం ప్రభుత్వరంగంలో ముఖ్యమైనవి. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పారిశ్రామికవాడలను అభివృద్ధి చేయడం, వెనుకబడిన ప్రాంతాలకు లభించిన ప్రోత్సాహకాలు, 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నిక కావడం – ఇవన్నీ ఈ ప్రాంతపు పారిశ్రామికీకరణకు దోహదం చేశాయి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది.

ఇక్కడి ఔషధ పరిశ్రమకు ఒక ప్రత్యేక నేపథ్యం ఉంది. 1970 నాటి పేటెంటు చట్టం మందులపై ఉత్పత్తి పేటెంటును తొలగించి, తయారీ విధానానికి మాత్రమే పేటెంటును అనుమతించింది. దానితో ప్రత్యామ్నాయ విధానాలలో మందులు తయారుచేయగల రసాయనశాస్త్రజ్ఞులకు అవకాశాలు పెరిగాయి. ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో అనుభవం గడించి, 1984లో సొంత సంస్థను స్థాపించిన డాక్టర్ కె. అంజిరెడ్డి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. చిన్న యూనిట్‌గా మొదలైన కర్మాగారంలో యజమాని, రసాయనశాస్త్రజ్ఞుడు, షిఫ్టు పర్యవేక్షకుడు ఒకే చోట ఉంటారు. పని నోటిమాట మీదే సాగుతుంది. యూనిట్ పెరిగి, మూడు షిఫ్టులు వచ్చి, కాంట్రాక్టరు ద్వారా మనుషులు చేరిన తరువాత కూడా పాత నోటిమాట పద్ధతే కొనసాగితే, అంతకు ముందు సౌకర్యంగా ఉన్నదే ప్రమాదహేతువు అవుతుంది.

ప్రస్తుతం ఈ పారిశ్రామికవాడల్లో మూడు వర్గాల కార్మికులు కనిపిస్తారు. సంస్థ నేరుగా నియమించుకున్న శాశ్వత ఉద్యోగులు మొదటి వర్గం. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన స్థానిక కార్మికులు రెండవ వర్గం. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు మూడవ వర్గం. ఒకే యంత్రం దగ్గర ముగ్గురూ పనిచేస్తున్నప్పటికీ, వారికి పని చెప్పేవారు, చెప్పే భాష, చెప్పిన దానికి ఆధారంగా మిగిలే కాగితం వేరువేరు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్ కర్మాగారంలో సంభవించిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. మృతుల్లో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అనేకులు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆ ప్రమాద కారణాల విచారణ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అయితే ఈ ప్రాంతంలో కార్మికునికి ఏమి చెప్పారు, ఎవరు చెప్పారు, అతనికి ఏమి అర్థమయింది అనే ప్రశ్నలు ఎంత బరువైనవో ఆ దుర్ఘటన నేపథ్యంలో గ్రహించవచ్చు.

3. నిర్వహణశాస్త్ర పరిశోధనలు:

ఉద్యోగికి తన నుంచి ఏమి ఆశిస్తున్నారో తెలియని స్థితిని పరిశోధకులు 'పాత్ర అస్పష్టత' అన్నారు. రాబర్ట్ కాన్, ఆయన సహపరిశోధకులు 1964లో వెలువరించిన గ్రంథంలో పాత్ర అస్పష్టతనూ, పాత్ర సంఘర్షణనూ ఉద్యోగిలో ఒత్తిడికి ముఖ్య కారణాలుగా గుర్తించారు. ఏమి చేయాలో తెలియకపోవడం మొదటిది. పరస్పర విరుద్ధమైన రెండు పనులను ఒకేసారి చేయమనడం రెండవది. 1970లో రిజ్జో, హౌస్, లిర్ట్‌జ్‌మన్ ఈ రెండింటినీ కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు.

ఎడ్విన్ లాక్ 1968లో ప్రతిపాదించగా, గ్యారీ లేథమ్‌తో కలిసి విస్తరించిన లక్ష్యనిర్ణయ సిద్ధాంతం మరొక ముఖ్య విషయాన్ని నిరూపించింది. 'నీకు చేతనైనంత బాగా చెయ్యి' అని చెప్పినప్పటి కంటే, నిర్దిష్టమైన, కొంత కష్టసాధ్యమైన లక్ష్యాన్ని చెప్పినప్పుడు పనితీరు మెరుగ్గా ఉంటుంది. దీనికి కొన్ని షరతులున్నాయి. ఉద్యోగి ఆ లక్ష్యాన్ని అంగీకరించాలి. దాన్ని సాధించే సామర్థ్యం అతనికి ఉండాలి. తాను ఎంతవరకు వచ్చాడో అతనికి తెలుస్తూ ఉండాలి. ఈ షరతులు లేని లక్ష్యం గోడ మీద రాసిన అంకెగానే మిగులుతుంది.

స్టీవెన్ కెర్ 1975లో ప్రచురించిన వ్యాసం ఇంకొక లోపాన్ని ఎత్తి చూపింది. సంస్థలు తరచుగా ఒకదానిని ఆశిస్తూ మరొకదానికి బహుమతి ఇస్తాయి. నోటీసు బోర్డు మీద 'భద్రతే ప్రథమం' అని ఉంటుంది. నెలాఖరు సమావేశంలో టన్నుల లెక్క మాత్రమే అడుగుతారు. ఈ రెండింటిలో ఏది నిజమైన అపేక్షో ఉద్యోగి త్వరగానే గ్రహిస్తాడు. అధికారి ఏమి రాశాడన్నది కాక, ఏమి అడుగుతాడు, దేనికి కోపగిస్తాడు, దేనిని చూసీ చూడనట్లు వదిలేస్తాడు అన్నవే అతనికి ప్రమాణాలవుతాయి. పర్యవేక్షకుని మౌనమూ అపేక్షను తెలియజేసేదే.

4. చట్టం దృష్టిలో స్పష్టత:

భారతదేశంలో పని నియమాలను ముందుగా స్పష్టంగా తెలియజేయాలన్న సూత్రానికి చట్టరూపం స్వాతంత్ర్యానికి పూర్వమే ఏర్పడింది. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి (స్టాండింగ్ ఆర్డర్లు) చట్టం ప్రధానంగా 100 లేదా అంతకు మించి కార్మికులు గల సంస్థలకు వర్తించింది. ఉద్యోగ నియమాలను తగినంత కచ్చితత్వంతో నిర్వచించి, కార్మికులకు తెలియపరచాలన్నది దాని ఉద్దేశం. కార్మికుల వర్గీకరణ, పని వేళలు, షిఫ్టులు, హాజరు, ఆలస్యం, సెలవులు, దుష్ప్రవర్తన, ఫిర్యాదు మార్గం మొదలైనవి అందులో ఉండాలి.

ఈ చట్టంలోని మూడు అంశాలు ప్రస్తుత చర్చకు ముఖ్యమైనవి. యజమాని సమర్పించిన ముసాయిదాను ధ్రువీకరణ అధికారి కార్మిక సంఘానికి పంపి, 15 రోజులలోపు అభ్యంతరాలను కోరాలి. అంటే నియమాలను విధించేముందు వినడం ఒక విధి. 1956 సవరణ ద్వారా ఆ నియమాలు న్యాయమైనవా, సమంజసమైనవా అని పరిశీలించే అధికారం ధ్రువీకరణ అధికారికి లభించింది. ధ్రువీకరించిన నియమాలను ఇంగ్లీషులోనూ, కార్మికులలో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ, వారు ఎక్కువగా వచ్చిపోయే ద్వారం వద్ద ప్రత్యేక బోర్డుల మీద ప్రదర్శించాలని తొమ్మిదవ సెక్షను నిర్దేశించింది.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో (1984 లా రిపోర్టులు) బలపరిచింది. దుష్ప్రవర్తన అంటే ఏమిటో స్టాండింగ్ ఆర్డర్లలో ముందుగా పేర్కొనకుండా, ఒక సంఘటన జరిగిన తరువాత దాన్ని దుష్ప్రవర్తనగా పరిగణించి శిక్షించడాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. ఏది తప్పో ముందుగా తెలుసుకునే హక్కు కార్మికునికి ఉందన్నది దీని సారాంశం. ముందు చెప్పని అపేక్షను ఆధారం చేసుకుని తరువాత దండించడం కుదరదన్న ఈ నియమం, న్యాయస్థానం వెలుపల కూడా పర్యవేక్షకునికి శిరోధార్యమే.

ఒకసారి స్పష్టం చేసిన నియమాలను మార్చడానికీ పద్ధతి ఉంది. వేతనాలు, పని గంటలు, షిఫ్టులు వంటి నిర్దిష్ట అంశాలలో కార్మికులకు ప్రతికూలమైన మార్పు చేయదలిస్తే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఎ సెక్షను చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ నోటీసు పద్ధతిని నిలుపుకున్నది.

భోపాల్ దుర్ఘటన (1984 డిసెంబరు) తరువాత 1987లో కర్మాగారాల చట్టానికి చేసిన సవరణలు మరొక మెట్టు. ప్రమాదకర ప్రక్రియల వల్ల కలిగే ఆరోగ్య ప్రమాదాలను, వాటి నివారణ చర్యలను కార్మికులకు తెలియజేయడం యాజమాన్యపు విధి అయింది. ఆసన్నమైన ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికునికి లభించింది. సమాచారం, శిక్షణ పొందే హక్కును 111-ఎ సెక్షను గుర్తించింది. అపేక్ష ఒక వైపు నుంచి మాత్రమే ప్రవహించేది కాదని, కార్మికుడు కూడా యాజమాన్యం నుంచి కొన్నింటిని అపేక్షించవచ్చునని ఈ సవరణలు స్థాపించాయి.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. కొత్త విధానంలో స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం 300 లేదా అంతకు మించి కార్మికులు గల సంస్థలకు వర్తిస్తుంది. మరోవైపు, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో చేరింది. దీని ఫలితం రెండు విధాలు. చిన్న, మధ్యతరహా సంస్థలలో ధ్రువీకృత నియమావళి రూపొందించవలసిన చట్టపరమైన ఒత్తిడి తగ్గింది. వ్యక్తిగత పత్రం ప్రాముఖ్యం పెరిగింది. నియామక పత్రం జీతం, హోదాలతో ముగిస్తే, మిగిలిన లోటును పూరించవలసినవాడు పర్యవేక్షకుడే.

5. కాంట్రాక్టు కార్మికుడు – ఇద్దరి మధ్య మిగిలిపోయే మాట:

కాంట్రాక్టు కార్మికునికి పని చెప్పవలసినది ఎవరు? కాంట్రాక్టరు తరఫు మేస్త్రీయా, సంస్థ షిఫ్టు ఇన్‌ఛార్జియా? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేని చోట ఇద్దరూ చెప్పకపోవడం జరుగుతుంది. దీనికి ఒక న్యాయపరమైన సంకోచం కూడా కారణం. కాంట్రాక్టు కార్మికులపై సంస్థ నేరుగా నియంత్రణ, పర్యవేక్షణ చూపితే ఆ కాంట్రాక్టు నామమాత్రమైనదని, వారు సంస్థ ఉద్యోగులేనని వాదించే అవకాశం ఏర్పడుతుంది. అందువల్ల కొందరు అధికారులు నేరుగా మాట్లాడడానికే జంకుతారు.

ఈ సంకోచానికి పరిధి ఉంది. 2009లో ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక నియంత్రణకూ, ద్వితీయ నియంత్రణకూ తేడా చూపింది. ఎక్కడ, ఏ పని చేయాలో ప్రధాన యజమాని చెప్పినంత మాత్రాన, కార్మికునిపై ప్రాథమిక నియంత్రణ కాంట్రాక్టరు చేతిలో ఉన్నంతవరకు, అతడు ప్రధాన యజమాని ఉద్యోగి కాడని పేర్కొన్నది. ఇక భద్రత విషయంలో సందేహానికే తావు లేదు. 1948 కర్మాగారాల చట్టం 'కార్మికుడు' అనే పదాన్ని నిర్వచించినప్పుడే కాంట్రాక్టరు ద్వారా నియమితులైనవారిని కూడా అందులో చేర్చింది. కాబట్టి ప్రమాదం, రక్షణ, అత్యవసర చర్యల గురించి చెప్పడం మేస్త్రీకి వదిలివేయదగిన పని కాదు. మనిషి గేటు దాటి లోపలికి వచ్చాక, అతని హాజరు ఏ పట్టీలో ఉన్నా, అతనికి ఆ విషయాలు తెలిసి ఉండాలి.

6. కాగితంలోని భాష – పని స్థలంలోని భాష:

ఔషధ పరిశ్రమలో రాతకు కొదవ లేదు. ఔషధ నియమాలలోని షెడ్యూలు 'ఎం' ప్రకారం తయారీ విధానాలు లిఖితపూర్వకంగా ఉండాలి, ప్రతి బ్యాచ్‌కు రికార్డు ఉండాలి, బాధ్యతాయుత సిబ్బంది విధులను రాతలో పేర్కొనాలి, శిక్షణ ఇవ్వాలి. అయితే ఈ పత్రాలు సాధారణంగా ఇంగ్లీషులో, తనిఖీకి వచ్చే అధికారులను దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. శిక్షణ రిజిస్టరులో సంతకం ఉంటుంది. ఆ సంతకం హాజరుకు రుజువే గాని, అవగాహనకు కాదు. మందు ఎలా ఉండాలో మిల్లీగ్రాముల వరకు రాసుకునే సంస్థలో, మనిషి ఏమి చేయాలో మాత్రం నోటిమాటకు వదిలేయడం ఒక వైరుధ్యం.

ఆ నోటిమాట స్వభావం కూడా పరిశీలించదగినది. పని స్థలంలో తరచు వినిపించే 'జర చూసుకో' అనే మాటను తీసుకుంటే, అందులో కనీసం నాలుగు అర్థాలున్నాయి: గమనిస్తూ ఉండు, అవసరమైతే సరిచెయ్యి, జాగ్రత్తగా ఉండు, ఇకపై బాధ్యత నీదే. చెప్పేవాడు మొదటి అర్థంలో చెప్పవచ్చు. వినేవాడు రెండవ అర్థంలో తీసుకుని వాల్వు తిప్పవచ్చు. ఏదైనా జరిగినప్పుడు చెప్పినవాడు నాలుగవ అర్థాన్ని ఆశ్రయించవచ్చు. 'కొంచెం', 'తొందరగా', 'ఫుల్లుగా', 'ఎప్పటిలాగే' అనే మాటలూ ఇటువంటివే. ఇంటిలో, ఊరిలో ఇవి సరిపోతాయి; అక్కడ ఇద్దరికీ ఉమ్మడి అనుభవం ఉంటుంది. నిన్ననే చేరినవానికి 'ఎప్పటిలాగే' అంటే ఎలాగో తెలిసే అవకాశం లేదు.

సమాధానంలోనూ ఇదే సమస్య. 'సరే సార్' అన్నది విన్నానని చెప్పడమా, అర్థమైందని చెప్పడమా, చేస్తానని ఒప్పుకోవడమా? పెద్దవారికీ, పై అధికారికీ ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదన్న సంస్కారం బలంగా ఉన్న సమాజంలో 'సరే సార్' అనేది తరచు సంభాషణను ముగించే గౌరవవాచకం మాత్రమే. తెలుగు పూర్తిగా రాని వలస కార్మికుడు అదే మాటను మరింత త్వరగా అంటాడు. అందువల్ల 'అర్థమైందా?' అని అడగడం వల్ల ప్రయోజనం స్వల్పం. 'ఇప్పుడు మీరు మొదట ఏం చేస్తారు? ఈ ముల్లు ఎర్ర గీత దాటితే ఏం చేస్తారు?' అని అడిగి, అతని నోటితో చెప్పించుకోవడం ఉత్తమం. 'మీరు' అని సంబోధించడం కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. గౌరవంగా అడిగినవారికి 'తెలియదు' అని చెప్పడానికి మనిషి తక్కువ భయపడతాడు.

7. స్పష్టమైన అప్పగింతకు నమూనా:

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా కర్మాగారాలలో కొత్తవారికి వేగంగా పని నేర్పడానికి రూపొందిన శిక్షణ కార్యక్రమంలో నాలుగు దశలున్నాయి: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, పని చేసి చూపడం, అతనితో చేయించడం, తరువాత గమనిస్తూ ఉండడం. పని రాకపోతే లోపం నేర్పినవానిదేనన్నది ఆ కార్యక్రమపు దృక్పథం. ఈ నాలుగు దశలను, మొదట చెప్పుకున్న అపేక్షలోని అయిదు అంగాలతో కలిపి ఒక ఊహాత్మక ఉదాహరణకు అన్వయించవచ్చు. ఇందులోని అంకెలు వివరణ కోసమే. ప్రతి ప్రక్రియకూ దాని అంకెలు వేరుగా ఉంటాయి.

అస్పష్టమైన అప్పగింత: "ఆరో రియాక్టరు నడుస్తాంది, టెంపరేచర్ జర చూసుకో."

స్పష్టమైన అప్పగింత: "ఆరో రియాక్టరు ఉష్ణోగ్రత ప్రతి 15 నిమిషాలకు చూసి లాగ్‌బుక్కులో రాయండి. 60, 65 డిగ్రీల మధ్య ఉండాలి. 65 దాటితే ఆవిరి వాల్వు మూసి, కూలింగ్ నీళ్లు తెరిచి, వెంటనే నాకు ఫోను చేయండి. 70కి చేరితే నా ఫోను కోసం ఆగొద్దు; గోడ మీద రాసి ఉన్న అత్యవసర విధానం మొదలుపెట్టి, అందరినీ బయటికి పంపండి. బ్యాచ్ పోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇంకేదైనా వాల్వు తిప్పాల్సి వస్తే మాత్రం నన్ను అడగకుండా తిప్పొద్దు."

రెండవ దానిలో పని, ప్రమాణం, సమయం, అధికారం, హద్దు – అయిదూ ఉన్నాయి. చివరి రెండింటినే పర్యవేక్షకులు ఎక్కువగా మరచిపోతారు. తనంతట తానుగా ఆపే అధికారం ఉందో లేదో తెలియని కార్మికుడు, ఆపితే తిట్లు, ఆపకపోతే ప్రమాదం అన్న సందిగ్ధంలో విలువైన నిమిషాలను కోల్పోతాడు. 'బ్యాచ్ పోయినా ఎవరూ ఏమీ అనరు' అన్న వాక్యం నిజమని ఒక్కసారైనా ఆచరణలో రుజువు కావాలి. ముందు జాగ్రత్తగా బ్యాచ్ ఆపినవానికి మెమో ఇచ్చిన మరునాటి నుంచి ఆ వాక్యానికి విలువ ఉండదు.

షిఫ్టు మారే సమయం ప్రత్యేక శ్రద్ధ కోరేది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగిన ప్రమాదంలో 167 మంది మరణించారు. మరమ్మతు కోసం ఒక పంపునకు చెందిన రక్షక వాల్వును పగటి షిఫ్టు తొలగించిన సంగతి రాత్రి షిఫ్టుకు సరిగా అందకపోవడం, వారు ఆ పంపును నడిపించడం ప్రమాదానికి దారితీసిందని విచారణలో తేలింది. పర్మిట్ కాగితం ఉంది. అది చేరవలసిన మనిషికి చేరలేదు. వచ్చేవారూ వెళ్లేవారూ యంత్రం ఎదుట నిలబడి, ఏది నడుస్తున్నది, ఏది ఆగింది, ఏది విప్పి ఉంది అనే మూడింటిని చెప్పుకుని, ఇద్దరూ సంతకం చేయడం చిన్న పద్ధతి. బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో మొదట కోతపడేది ఈ పది నిమిషాలే. కాబట్టి ఆ పది నిమిషాలు పని గంటలలో భాగంగా లెక్కించబడతాయని సంస్థ ముందే ప్రకటించాలి.

8. స్పష్టతకు పరిమితులు:

ప్రతిదీ రాతలో పెట్టి, ప్రతిదానికీ అంకె కట్టడమే స్పష్టత అనుకోవడం మరొక పొరపాటు. ఆర్డోన్యెజ్, ష్వైట్జర్, గలిన్‌స్కీ, బేజర్‌మన్ 2009లో ప్రచురించిన వ్యాసం లక్ష్యాల దుష్ఫలితాలను వివరించింది. సంకుచితమైన లక్ష్యం ఇచ్చినప్పుడు ఉద్యోగి దృష్టి దాని మీదే నిలిచి, చెప్పని అంశాలు మరుగున పడతాయి. లక్ష్యాన్ని అందుకున్నట్లు చూపడానికి లెక్కలు దిద్దే ప్రలోభమూ ఏర్పడుతుంది. ఉత్పత్తి టన్నులలోనే మనిషిని కొలిచే చోట, లాగ్‌బుక్కులోని అంకెలు షిఫ్టు చివర ఒకేసారి నిండడం ఈ ప్రలోభానికి ఒక రూపం. నక్కవాగు కాలుష్యం వల్ల దశాబ్దాలుగా నష్టపోయిన ఈ ప్రాంతంలో, ఉత్పత్తి అంకెతో పాటు వ్యర్థజలాల నిర్వహణను కూడా అపేక్షలో భాగం చేయవలసిన అవసరం వేరే చెప్పనక్కరలేదు.

రెండవ పరిమితి సంఖ్యకు సంబంధించినది. ఇరవై ముఖ్యాంశాలు చెప్పడం అంటే ముఖ్యమైనది ఏదీ చెప్పకపోవడమే. రెండు అపేక్షలు ఢీకొన్నప్పుడు దేనిని ముందు నిలపాలో చెప్పడమే అసలైన స్పష్టత. మూడవది, పర్యవేక్షకుని స్వీయస్థితి. ప్లాంటు మేనేజరు 'ఎలాగైనా కానివ్వండి' అన్నప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి తన కింది వారికి స్పష్టంగా చెప్పలేడు. తనకు అందని స్పష్టతను అతడు ఇతరులకు పంచలేడు. కాబట్టి అస్పష్టతకు మూలం కింది స్థాయిలో కనిపించినా, దానికి పరిష్కారం పై స్థాయి నుంచి మొదలు కావాలి.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. అపేక్షలో పని, ప్రమాణం, గడువు, అధికారం, హద్దు అనే అయిదు అంగాలుంటాయి. వీటిలో అధికారం, హద్దు అనే రెండూ ఎక్కువగా విస్మరణకు గురవుతున్నాయి.

2. ముందుగా చెప్పని దాని ఆధారంగా తరువాత శిక్షించరాదన్నది 1946 చట్టం, సుప్రీంకోర్టు తీర్పు ద్వారా స్థిరపడిన న్యాయసూత్రం. కొత్త కోడ్‌ల కింద స్టాండింగ్ ఆర్డర్ల పరిధికి వెలుపల ఉన్న చిన్న సంస్థలు కూడా ఈ సూత్రాన్ని స్వచ్ఛందంగా పాటించడం శ్రేయస్కరం.

3. భద్రతకు సంబంధించిన సమాచారాన్ని కాంట్రాక్టు, వలస కార్మికులకు తెలియజేయడం సంస్థ బాధ్యతే. అది వారికి వచ్చిన భాషలో, ఆ భాష చదవలేనివారికి చేసి చూపడం ద్వారా అందాలి.

4. సంతకం, 'సరే సార్' అన్న మాట అవగాహనకు రుజువులు కావు. తిరిగి చెప్పించుకోవడం, చేయించి చూడడం మాత్రమే నమ్మదగిన పరీక్షలు.

5. సంస్థ దేనికి బహుమతి ఇస్తుందో, దేనికి దండిస్తుందో అదే ఉద్యోగి దృష్టిలో అసలైన అపేక్ష. బోర్డు మీది మాటకూ, నెలాఖరు సమీక్షలోని ప్రశ్నకూ పొంతన ఉండాలి.

తన నుంచి ఏమి ఆశిస్తున్నారో, ఏ క్షణాన అన్నీ వదిలి బయటికి రావచ్చునో తెలిసిన కార్మికుడు సంస్థకు మేలైన ఉద్యోగి. తన కుటుంబానికి క్షేమంగా తిరిగి చేరే మనిషి. సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో పర్యవేక్షకుని మాటలో స్పష్టత ఈ రెండు ప్రయోజనాలనూ ఒకేసారి నెరవేరుస్తుంది.